జూలై లెక్క

హిల్కా కర్పినెన్ భయస్తురాలని మా ఊళ్ళో అందరికీ తెలుసు. కానీ ఆమె ముందు ఆ మాట ఎవరూ అనరు. ముఖం మీద అనడం మావాళ్ళకు చేతకాదు. ఒక పేరు పెట్టి ఊరుకుంటారు. ఆసుపత్రిలో ఆమెకు పెట్టిన పేరు హ్యాండ్‌బ్రేక్.

ఆమె పుట్టింది సరస్సు అవతలి ఒడ్డున. చలికాలంలో నీళ్ళు గడ్డకట్టాక ఇవతలికి రావాలంటే మంచు మీది దారే దిక్కు. ఆ దారి బాగోగులు చూడటం ఆమె తండ్రి పని. పొద్దున్నే లేచి మంచుకు బెజ్జాలు వేసి మందం చూసేవాడు. దారి తప్పకుండా అటూ ఇటూ పిల్ల దేవదారు కొమ్మలు గుచ్చుకుంటూ వెళ్ళేవాడు. కొమ్మలు పెట్టిన చెక్కబండిని వెనకాల కూతురు లాక్కుంటూ నడిచేది. నడుస్తుంటే కాళ్ళ కింద ఎక్కడో లోతున మంచు మూలిగేది, పాత ఇంట్లో ఎవరో బరువైన తలుపు ఈడ్చినట్టు. పిల్ల నిలబడిపోయేది. తండ్రి ఓదార్చేవాడు కాదు. “మందం ఎంతని అందరూ అడుగుతారు. ముందు బండి ఎంత దూరంలో పోతోందని ఒక్కడూ అడగడు,” అని తనలో తాను గొణుక్కునేవాడు.

ఒక మార్చి నెలలో రెండు కలప లారీలు ఆయన మాట లక్ష్యపెట్టకుండా ఒకదాని తోక పట్టుకుని మరొకటి వచ్చాయి. ముందుది దాటింది. రెండోదాని కింద మంచు చప్పుడు లేకుండా వంగింది. పగలడం ఆ తరవాత. డ్రైవరు ఈదుకుంటూ బయటపడ్డాడు. లారీ మాత్రం ఇప్పటికీ అడుగునే ఉందంటారు. హిల్కా ఒడ్డున నిలబడి అంతా చూసింది. ఒకటి మోయగలిగిన మంచు రెండు కలిస్తే మోయలేదన్న సంగతి ఆ పిల్లకు పలకా బలపం లేకుండానే వంటబట్టింది. దానితోపాటే భయమూ.

బడి అయ్యాక ఆసుపత్రి టెలిఫోన్ బోర్డు మీద ఉద్యోగానికి చేరింది. ఎవరి తీగ ఎక్కడ గుచ్చాలో చూసే పని. కొన్నేళ్ళకు ఆ బోర్డు పోయి పెట్టెలు వచ్చాయి, ఆ తరవాత తీగలే లేకుండా పోయాయి. తోటివాళ్ళు ఒక్కొక్కరే వేరే పనులు చూసుకున్నారు. హిల్కా మాత్రం వచ్చిన ప్రతి కొత్త పెట్టె పక్కనా కుర్చీ వేసుకుని, దాని పుస్తకం చదివి, తెలియనిది అడిగి, అడగడానికి సిగ్గేస్తే మళ్ళీ చదివి నేర్చుకుంది. అలా ముప్పై ఏళ్ళు గడిచి ఆసుపత్రి వైఫై మొత్తం ఆమె చేతిలోకి వచ్చింది.

మా ఆసుపత్రిలో తలెత్తి చూస్తే పైకప్పుకు తెల్లటి పళ్ళేలు బోర్లించినట్టు కనిపిస్తాయి. ప్రతి వరండాలోనూ ఉంటాయి, ప్రతి గది ముందూ ఉంటాయి. రోగి మంచం పక్కన బెల్లు నొక్కితే దగ్గర్లోని పళ్ళెం అందుకుని నర్సు జేబులో ఫోను మోగిస్తుంది. పళ్ళేలకు సొంత బుద్ధి లేదు. వాటిని నడిపించే కంట్రోలర్లు రెండున్నాయి. ఒకటి పాత భవనం నేలమాళిగలో, ఒకటి కొత్త భవనంలో. మామూలు రోజుల్లో పళ్ళేలను చెరిసగం పంచుకుంటాయి. ఒకదానికి జబ్బు చేస్తే, లేదా దానికి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి ఆపితే, రెండోది అన్నిటినీ మోయాలి. మోయగలిగినన్నిటిని మోస్తుంది. మిగిలిన పళ్ళేలు చిన్న దీపం ఆర్పుతూ వెలిగిస్తూ తమను ఎవరు చేరదీస్తారా అని వెతుక్కుంటూ ఉండిపోతాయి. కింద మంచం మీద బెల్లు నొక్కే మనిషికి ఈ సంగతి తెలియదు. నొక్కాను కదా, వస్తారులే అనుకుంటాడు. హిల్కాకు నిద్రపట్టని రోజుల్లో కళ్ళ ముందు కదిలేది ఆ బెల్లు మీది బొటనవేలే.

హ్యాండ్‌బ్రేక్ అన్న పేరు వచ్చిన కథ కూడా చెప్పాలి. కొన్ని చలికాలాల కిందట పాత టెలిఫోన్ యంత్రాన్ని మార్చే రోజున బ్యాటరీలు చాలవని హిల్కా పని ఆపించింది. పెద్దలంతా చేతులు కట్టుకుని నిలబడ్డారు. తీరా చూస్తే బ్యాటరీలు చక్కగా చాలాయి. ఆమె మీద అధికారి అయిన ఇల్పో పెద్దల ముందు తల దించుకున్నాడు. హిల్కాను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. మా విభాగంలో తప్పు చేసినవాళ్ళు సోమవారం కాఫీకి కేకు తేవాలన్న ఆనవాయితీ ఉంది. ఆమె చిత్తడినేలల్లో కాసే క్లౌడ్‌బెర్రీ పళ్ళతో కేకు చేసి తెచ్చింది. అందరూ తిన్నారు, బాగుందన్నారు, కడిగిన పళ్ళెం చేతికిచ్చారు. ఆ మరునాటి నుంచే ఆ పేరు.

ఈ ఏడు రెండు కంట్రోలర్లకూ కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలని అనుకున్నారు. ఒక్కదానిలో అన్ని పళ్ళేలూ పడతాయో లేదో జూలైలో తీరిగ్గా చూసిపెట్టమని ఇల్పో సెలవు మీద వెళ్తూ వెళ్తూ చెప్పాడు. జూలై అంటే మా దేశంలో తీరికకు మరో పేరు. సర్జన్ నుంచి చెప్పులు కుట్టేవాడి దాకా అందరూ సరస్సు ఒడ్డు గుడిసెల్లో సౌనా, అంటే ఆవిరిస్నానాల గది, వేడి చేసుకుంటూ ఉంటారు. హిల్కా ఖాళీ వరండాల్లో నడిచి, తన గదిలో కూర్చుని, తెర మీద కనిపించిన పళ్ళేలన్నీ లెక్కపెట్టింది. ఒక్క కంట్రోలర్‌లో హాయిగా పట్టాయి, ఇంకా చోటు మిగిలింది. సరిపోతుంది అని రాసి పంపింది. భయపడకుండా ఆమె రాసిన మొదటి మాట అదేనేమో.

అక్టోబరు వచ్చింది. ఆదివారం ఉదయం పని అని ఖాయమైంది. యంత్రాలు అమ్మిన కంపెనీ మనుషులు ఔలు నగరం నుంచి వస్తారు. శుక్రవారం కాఫీ వేళ హిల్కా ఎదురుగా మార్కెట్టా వచ్చి కూర్చుంది. గుండె జబ్బుల వార్డును నడిపించే నర్సు ఆమె. గొంతు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. దాల్చినచెక్క రొట్టె తుంచుకుంటూ వేసవి నాటి కోపాన్ని మళ్ళీ తవ్వి తీసింది. జూలైలో సిబ్బంది లేరని ఆమె వార్డుతో కలిపి మూడింటికి తాళం వేసి రోగులందరినీ ఒక్క చోట కుక్కారట. అది ప్రతి ఏడూ ఉండేదే. ఈసారి భవనాలు చూసేవాళ్ళు పొదుపని కరెంటు మెయిన్ కూడా తీసేశారట.

“ఆగస్టులో వచ్చి ఫ్రిజ్ తలుపు తీశాను హిల్కా. నా చీజు లేచి నాకు ఎదురొచ్చింది.”

హిల్కా నవ్వబోయి ఆగింది. “మెయిన్ అంటే? వార్డు మొత్తానికా?”

“మొత్తానికే.”

“పైకప్పు మీద తెల్లవి ఉంటాయి కదా, అవి?”

“అవీ చచ్చే ఉంటాయి. ఖాళీ వార్డులో వైఫై ఎవరికి, దయ్యాలకా?”

హిల్కా చేతిలోని రొట్టె అలాగే ఉండిపోయింది. మార్కెట్టా ఇంకేదో చెబుతూనే ఉంది గానీ హిల్కాకు ఆ గొంతు నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టుంది. ఆర్పేసిన పళ్ళెం తెర మీద కనిపించదు. కనిపించనిదాన్ని ఆమె లెక్కపెట్టలేదు. పెళ్ళివారు దిగకముందే విస్తళ్ళు లెక్కపెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ వడ్డిస్తానని మాటిచ్చింది.

గదికి వెళ్ళి మళ్ళీ చూసింది. వార్డులన్నీ తెరుచుకున్న ఆసుపత్రి తెర నిండా వెలుగుతోంది. ఒక్క కంట్రోలర్‌లో పట్టదు. మూడు వార్డులంత మిగిలిపోతుంది. ఏ మూడో చెప్పడానికి కూడా లేదు. పాతది ఆపిన క్షణంలో పళ్ళేలన్నీ ఒక్కసారిగా కొత్తదాని మీదికి ఎగబడతాయి. ముందు చేరినవాటికి చోటు, వెనకబడినవాటికి లేదు. అది ప్రసవాల వార్డు కావచ్చు, మార్కెట్టా వార్డు కావచ్చు, రెండిట్లోనూ సగం సగం కావచ్చు.

అప్పుడే ఇల్పోకు చెప్పి ఉంటే సరిపోయేది. ఇల్పో మధ్యాహ్నమే దుప్పుల వేటకు వెళ్ళిపోయాడు. అక్టోబరులో మా ఊళ్ళో మగవాళ్ళని అడవిలో వెతుక్కోవాల్సిందే. నాలుగు మాటలు సందేశం రాసినా సాయంత్రానికి చూసుకునేవాడే. హిల్కా రాసింది, చెరిపింది. మళ్ళీ రాస్తుంటే, కడిగిచ్చిన కేకు పళ్ళెం, తల దించుకున్న ఇల్పో మెడ కళ్ళ ముందుకొచ్చాయి. లెక్క మళ్ళీ తప్పయితే? రెండోసారి కూడా ఊరికే ఆపించినదాన్ని ఇంకెవరు నమ్ముతారు? శనివారం సాయంత్రం అతను ఇంటికొచ్చాక ఎదురుగా చెబుదాం, ముఖం చూసి చెబితే నమ్ముతాడు, ఎలాగూ పని ఆదివారం కదా అని తనకు తాను నచ్చజెప్పుకుంది. ఆ రాత్రి రెప్ప వాల్చలేదు.

శనివారం ఉదయం టిఫిన్ బల్ల దగ్గర ఫోను కదిలింది. ఔలు కంపెనీవాడు సాములి నుంచి సందేశం. ఆదివారం పెద్ద మంచు పడుతుందంటున్నారు, తిరుగుదారి కష్టమవుతుంది, అందుకని ఇవాళే వచ్చేశాం, భోజనాలయ్యాక మొదలుపెడతాం అని.

ఆమె వెంటనే ఫోను చేసింది. లెక్క తప్పని, అది జూలై లెక్కని, మూడు వార్డులు గాల్లో మిగులుతాయని చెప్పింది. అతను మర్యాదగానే విన్నాడు.

“సరిపోతుందని రాసింది నువ్వే కదా,” అన్నాడు.

“నేనే. అది తప్పంటున్నాను.”

“మీ దగ్గర ఒక హ్యాండ్‌బ్రేక్ ఉందని చెప్పారు. నువ్వేనా?”

ఆర్డరు మీద ఇల్పో సంతకం ఉంది కాబట్టి ఆపమని ఇల్పోయే చెప్పాలని, అప్పటిదాకా తన పని తాను చేసుకుంటానని అతను ఫోను పెట్టేశాడు. ఇల్పోకు చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

అప్పుడు మార్కెట్టాకు చేసింది. అదృష్టం, ఆమె ఆ రోజు డ్యూటీలోనే ఉంది. హిల్కా కంట్రోలర్లనీ పళ్ళేలనీ మొదలుపెట్టబోతే మధ్యలోనే ఆపింది.

“నాకు అర్థమయ్యేట్టు చెప్పు. బెల్లు మోగుతుందా, మోగదా?”

“తెలియదు.”

“తెలియదంటే మోగదనే. సరే, నడుస్తాం. మా వార్డులో ఇద్దరిని వరండాలో తిప్పుతాను. మిగతా వార్డులకు పాత తీగ గోడఫోన్లో చెబుతాను. నువ్వు పోయి ఆ ఇల్పోని చెట్టు దించు.”

ఊరు దాటి అడవిలోకి మట్టిదారి. హిల్కా స్టీరింగ్‌ను రెండు చేతులా బిగించి పట్టుకుంది. ఎదురుగా మబ్బు ఉక్కురంగులోకి తిరుగుతోంది. భోజనాల వేళ ఎప్పుడవుతుంది, సాములి త్వరగా తినేరకమా, కాఫీ తాగుతాడా తాగడా, ఇవే ఆలోచనలు. దారి పక్కన వరసగా కార్లు కనిపించాయి. వేటగాళ్ళ నెగడు దగ్గర దళనాయకుడు తైస్తో ఒక్కడే మొద్దు మీద కూర్చుని ఉన్నాడు. ఎర్రచొక్కా, తెల్లగడ్డం, ఒళ్ళో రేడియో. మిగతావాళ్ళు చిత్తడినేల చుట్టూ ఎవరి కాపులో వాళ్ళున్నారు.

హిల్కా కారు తలుపు వేయబోతుంటే చెయ్యెత్తి వద్దన్నాడు. తలుపు తెరిచే వదిలేసి దగ్గరికి వెళ్ళింది. దూరంగా కుక్క ఒకే చోటునుంచి ఆపకుండా మొరుగుతోంది. దుప్పిని నిలబెట్టిందన్నమాట.

ఇల్పోతో మాట్లాడాలని గుసగుసగా చెప్పింది.

“ఆ దుప్పి వచ్చేది ఇల్పో వైపే. రెండు రోజుల్నించి దీనికోసమే కూర్చున్నాం,” అన్నాడు తైస్తో. “ఇప్పుడు రేడియో కూసిందంటే పోతుంది. ఆసుపత్రి ఏమైనా అంటుకుందా?”

“ఇంకా అంటుకోలేదు.”

“అంటుకుంటుందా?”

అంటుకోకపోవచ్చు. మూడు వార్డుల్లో ఆ పూట ఒక్కరికీ బెల్లు నొక్కే అవసరం రాకపోవచ్చు. పళ్ళేలు ఎలాగో సర్దుకోవచ్చు. అప్పుడు ఇరవై ఇళ్ళ చలికాలపు మాంసాన్ని అడవిలోకి తరిమేసిన మనిషిగా మిగిలిపోతుంది. ఆ రోజు సరస్సు మీద చప్పుడు లేకుండా వంగిన మంచు గుర్తొచ్చింది.

“తెలియదు తైస్తో. నాకు భయంగా ఉంది. అంతే చెప్పగలను.”

ముసలాయన ఒక కట్టెను మంటలోకి తోశాడు. ఆయన భార్య పోయింది ఆ గుండె వార్డులోనే. ఆ మాట ఎత్తలేదు. రేడియో తీసి ఆమెకు అందించాడు.

“నేను మాట్లాడను. చెడగొట్టాలంటే నువ్వే చెడగొట్టు. బొత్తాం నొక్కి పట్టుకో. అందరికీ వినపడుతుంది, గుర్తుంచుకో.”

అందరికీ అంటే ఊళ్ళో సగంమందికి. కిరాణా కొట్టువాడు, పాస్టరు, ఇద్దరు డాక్టర్లు, ఆమె సొంత పెద్దనాన్న కొడుకు. ఒక్కొక్కడూ ఊపిరి బిగబట్టి, చెవిలో రేడియో పెట్టుకుని పొదల్లో ఉన్నాడు. బొటనవేలు బొత్తాం మీద పెట్టింది. నొక్కి పట్టింది.

“ఇల్పో, నేను హిల్కాని. నా లెక్క తప్పు. జూలైలో మూడు వార్డులకి కరెంటు లేదు, వాటిని నేను లెక్కపెట్టలేదు. సాములి ఇవాళే మొదలుపెడుతున్నాడు. ఆపమని నువ్వు చెప్పాలి.”

వదిలింది. రేడియోలో బుస్సుమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. మావాళ్ళ మౌనం ఎన్ని రకాలో ఆమెకు తెలుసు, ఇది ఏ రకమో మాత్రం తెలియలేదు. దూరంగా కుక్క మొరుగు ఆగింది. ఆగి, ఎడమవైపుగా దూరమవుతూ మళ్ళీ వినిపించింది. దుప్పి కదిలింది. తైస్తో కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు ఇల్పో గొంతు వచ్చింది, చాలా నెమ్మదిగా. “ఏ మూడు మిగుల్తాయి?”

“చెప్పలేను. ఏవైనా కావచ్చు.”

మళ్ళీ బుస్సు. తరవాత, “వస్తున్నా.”

అతను పొదలు తొక్కుకుంటూ వచ్చాడు, మోకాళ్ళ దాకా బురద. హిల్కా వైపు చూడకుండానే కారులోంచి ఫోను తీసి సాములికి చేశాడు. అటునుంచి చెప్పింది వింటుంటే ముఖం రంగు మారింది. పాత భవనం కంట్రోలర్‌ను అప్పటికే ఆపేశారు. భోజనం తరవాత కాఫీ తాగకుండానే దిగారట. ఉన్నదాన్ని ఉన్నట్టు వెనక్కి తిప్పమని, కొత్తది ఎక్కించవద్దని, మాట్లాడకుండా అదే చెయ్యమని ఇల్పో చెప్పాడు. ఆపిన యంత్రం మళ్ళీ కళ్ళు తెరవడానికి టైము పడుతుంది. ఆ లోపల ఎవరూ చేయగలిగింది లేదు.

హిల్కా మార్కెట్టా జేబు ఫోనుకు చేసింది. మోగలేదు. మీరు కోరిన వ్యక్తి అందుబాటులో లేరని యంత్రం చెప్పింది, ఎప్పుడూ చెప్పేంత తీయగా. వెనకబడిన పళ్ళేలు ఏ వార్డువో ఇప్పుడు తెలిసింది. గోడఫోనుకు చేసింది. మోగుతోంది గానీ ఎవరూ తీయడం లేదు. ఎవరూ తీయడం లేదంటే అందరూ ఒక్క చోటికి పరుగెత్తారన్నమాట. ఒక్క చోటికి ఎందుకు పరుగెత్తుతారో ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో పనిచేసిన మనిషికి వేరే చెప్పనక్కర్లేదు.

చెట్లలోంచి ఒక్కొక్కరే వేటగాళ్ళు వచ్చారు. తుపాకులు దించి నెగడు చుట్టూ నిలబడ్డారు. సన్నగా మంచు రాలడం మొదలైంది. ఫోను చేతిలో పట్టుకుని ఆమె మధ్యలో నిలబడి ఉంది. పాస్టరు టోపీ తీశాడు, ఎందుకు తీశాడో ఆయనకే తెలియాలి. ఇల్పో మొద్దు జరిపి ఆమెను కూర్చోబెట్టాడు.

“నిన్ననే తెలుసా నీకు?” అని అడిగాడు.

“తెలుసు.”

అతను తలూపాడు. “జూలైలో లెక్కపెట్టమన్నది నేను,” అన్నాడు.

ఫోను మోగినప్పుడు ఆమె వేళ్ళు కదల్లేదు. తైస్తో వంగి బొత్తాం నొక్కాడు. మార్కెట్టా రొప్పుతోంది, గోడఫోనులోంచి.

“పదకొండో గది,” అంది. “ముసలాయన స్నానాలగదిలో పడ్డాడు. బెల్లు తాడు లాగుతూనే ఉన్నాడు, మా జేబుల్లో ఒక్కటీ మోగలేదు. వరండాలో నడుస్తున్న నర్సు పిల్ల తలుపు కింద వెలుగు చూసి తలుపు తోసింది.”

“ఉన్నాడా?” అంది హిల్కా.

“ఉన్నాడు. గుండె కాస్త తడబడింది, మళ్ళీ దారిలో పడింది. నేల చల్లగా ఉందని తిడుతున్నాడు, ఉన్ని మేజోళ్ళు కావాలట.” మార్కెట్టా ఆగి ఊపిరి తీసుకుంది. “హిల్కా, ఇంకా నడవాలా? కాళ్ళు పోతున్నాయి.”

“నడవండి. నేను చెప్పేదాకా ఆపొద్దు,” అంది హిల్కా. ఆమె గొంతు అంత గట్టిగా రావడం ఆ నెగడు చుట్టూ ఉన్నవాళ్ళెవరూ అంతకుముందు వినలేదు. ఇల్పో అప్పటికే తుపాకీ కారులో పెట్టేశాడు. ఆమె లేచి తన కారు వైపు నడిచింది. వచ్చినప్పట్నించి తలుపు తెరిచే ఉంది. సీటు మీద పల్చగా మంచు పేరుకుంది. చేత్తో తుడిచి, ఆసుపత్రి వైపు బండి తిప్పింది.